జూలైలో అమ్మానాన్నలతో గ్రాండ్ కాన్యన్ వైపు: మీ ప్లాన్‌లో ఏం తీసేయాలి, కారులో ఏం పెట్టుకోవాలి

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. జూలై ఆఖరి వారం, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు, ఆరేళ్ల పాప. నాన్నగారికి షుగర్, బీపీ ఉన్నాయి, అమ్మగారికి మోకాళ్ల నొప్పులు. లాస్ వేగాస్‌లో దిగి అద్దె కారు తీసుకుని ఐదు రోజుల్లో డెత్ వ్యాలీ ఎడారి, జియాన్, బ్రైస్ పార్కులు, పేజ్ ఊరు, మాన్యుమెంట్ వ్యాలీ, గ్రాండ్ కాన్యన్ అన్నీ చూసి మళ్లీ వేగాస్ చేరాలన్నది మీ ప్లాన్. ఏం జాగ్రత్తలు తీసుకోవాలి, రాత్రిళ్లు నడిపితే టైమ్ కలిసొస్తుందా అని అడిగారు.

నేను ఫీనిక్స్ పక్కన ఉండబట్టి ఇరవై ఏళ్లు దాటింది. మా ఇంటికి వచ్చిన చుట్టాలందరినీ ఈ దారుల్లో తిప్పాను. మా నాన్నగారిని రెండుసార్లు తీసుకెళ్లాను. ఆ అనుభవంతో చెబుతున్నాను, కొంచెం గట్టిగానే చెబుతాను, ఏమీ అనుకోకండి. మీ ప్లాన్‌కు జాగ్రత్తలు చేర్చడం కాదు, ముందు ప్లాన్‌లోంచి రెండు చోట్లు తీసేయాలి.

లెక్క చూడండి. వేగాస్ నుంచి జియాన్ పక్కనున్న స్ప్రింగ్‌డేల్ ఊరికి 160 మైళ్లు. అక్కడి నుంచి బ్రైస్ 85, బ్రైస్ నుంచి పేజ్ 150, పేజ్ నుంచి మాన్యుమెంట్ వ్యాలీ 125, అక్కడి నుంచి గ్రాండ్ కాన్యన్ సౌత్ రిమ్ (దక్షిణపు అంచు) 180, మళ్లీ వేగాస్ 280. దీనికి డెత్ వ్యాలీ పోనూ రానూ కలిపితే మొత్తం 1,200 మైళ్ల పైమాటే, అంటే దగ్గర దగ్గర 2,000 కిలోమీటర్లు. హైదరాబాద్ నుంచి ఢిల్లీకి కూడా అంత దూరం లేదు. ఐదు రోజుల్లో అంత తిరిగితే అమ్మగారు చూసేది కారు అద్దమే.

డ్రైవింగ్ ఎక్కువవడం ఒక్కటే కాదు ఇబ్బంది. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో మనం నడిపే రోడ్ల మీద ఏం జరిగినా పది నిమిషాల్లో ఎవరో ఒకరు వస్తారు. ఇక్కడ అలా కాదు. యూటా రాష్ట్రంలో ఐ-70 హైవే మీద గ్రీన్ రివర్ నుంచి సలైనా వరకు 100 మైళ్లకు పైగా పెట్రోలు బంకు గానీ, కొట్టు గానీ ఉండవు. అది ఇంటర్‌స్టేట్, అంటే రాష్ట్రాలను కలిపే పెద్ద హైవే! మీరు వెళ్లేవి చాలావరకు రెండు లేన్ల రోడ్లు. కాబట్టి ఏ నిర్ణయం తీసుకున్నా ఒకే ప్రశ్న వేసుకోండి: ఇక్కడ ఏదైనా అయితే సాయం ఎంత దూరంలో ఉంది? నేను చెప్పబోయేవన్నీ ఆ ప్రశ్నలోంచి వచ్చినవే.

డెత్ వ్యాలీ సంగతి ముందు తేల్చేద్దాం. జూలైలో వద్దు. ప్రపంచంలో నమోదైన అత్యధిక ఉష్ణోగ్రత అక్కడిదే, 1913 జూలై 10న ఫర్నెస్ క్రీక్‌లో 134 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే 56.7 సెల్సియస్. "మాది రెంటచింతల పక్క ఊరు, మాకు ఎండ కొత్తా" అని నాన్నగారు అనొచ్చు. మా నాన్నగారూ అలాగే అన్నారు. మన ఎండలో చెమట కారుతుంది, ఒళ్లు మనకు చెబుతుంది. ఇక్కడి పొడి గాలికి చెమట పట్టినట్టే తెలియదు, పట్టగానే ఆరిపోతుంది. నోరు పిడచకట్టే సరికి ఒంట్లో నీరు ఎప్పుడో తగ్గిపోయి ఉంటుంది. పైగా అంత వేడికి గాలి పలచబడి హెలికాప్టర్ ఎగరలేదు. 2024 జూలైలో బ్యాడ్‌వాటర్ దగ్గర మోటార్‌సైకిళ్ల మీద వెళ్తున్న బృందంలో ఒకరు చనిపోయారు, ఇంకొకరిని ఆస్పత్రికి తీసుకెళ్లడానికి హెలికాప్టర్ రాలేకపోయింది. అదే నెలలో ఇసుక తిన్నెల మీద చెప్పులు జారిపోయిన ఒక పర్యాటకుడికి అరికాళ్లు కాలిపోయాయి, అక్కడా హెలికాప్టర్ దిగలేకపోయింది. సాయం దగ్గర్లో ఉన్నా చేరలేని చోటు అది. ఫిబ్రవరిలో వెళ్లండి, హాయిగా ఉంటుంది.

రెండోది మాన్యుమెంట్ వ్యాలీ. ప్రమాదమని కాదు, దూరమని. ఏడు రోజులుంటే పెట్టుకోండి, ఐదు రోజులకు మాత్రం వద్దు. వెళ్తే అక్కడి 17 మైళ్ల మట్టిరోడ్డు మీద అద్దె కారు తిప్పకండి. అద్దె ఒప్పందాల్లో మట్టిరోడ్లకు బీమా వర్తించదని మామూలుగా రాసి ఉంటుంది. అది నవాహో అనే ఆదివాసీ తెగ వాళ్ల నేల, ఆ గైడ్ల జీపుల్లో వెళ్లడమే మంచిది.

ఇప్పుడు కారు గురించి. ఇది నా సొంత కథ, ఎందుకు చెబుతున్నానో మీకే అర్థమవుతుంది. పదేళ్ల కిందట మా నాన్నగారు, అమ్మ, మేము పేజ్ నుంచి కయెంటా వైపు వెళ్తున్నాం. మధ్యాహ్నం రెండు గంటలకు వెనక టైరు పేలింది. డిక్కీ తీసి చూస్తే స్టెప్నీ లేదు! ఒక గమ్ము డబ్బా, చిన్న గాలిపంపు ఉన్నాయి. మేకు దిగితే అవి పనికొస్తాయి గానీ పక్కగోడ చీలిన టైరుకు ఏం పనికొస్తాయి? ఫోన్‌లో సిగ్నల్ లేదు. నాన్నగారు షుగర్ మాత్ర వేసుకున్నారు, భోజనం ఇంకా కాలేదు. గంటలోపే షుగర్ పడిపోయి ఆయనకు చేతులు వణకడం మొదలైంది. పంచదార కలిపిన నిమ్మకాయ నీళ్లు తాగించాం. అటుగా పికప్‌లో వెళ్తున్న నవాహో వృద్ధ దంపతులు ఆగి, ఐసు పెట్టెలోంచి నీళ్ల సీసాలు తీసిచ్చారు. నాన్నగారిని వాళ్ల బండి ఏసీలో కూర్చోబెట్టుకున్నారు. పెద్దాయన సిగ్నల్ అందే గుట్ట దాకా నన్ను తీసుకెళ్లి ఫోన్ చేయించారు. లాగుడు బండి రావడానికి మూడు గంటలకు పైగా పట్టింది. మేం ఇస్తామన్న డబ్బు ఆ దంపతులు ముట్టుకోలేదు. ఈ రోజుకీ ఆ దారిన వెళ్లినప్పుడల్లా అమ్మ వాళ్లను తలుచుకుంటుంది.

అప్పటి నుంచి నేను చేసేదేమిటంటే, అద్దె కారు తాళం చేతికి రాగానే సామాను ఎక్కించక ముందు డిక్కీ అడుగు పలక ఎత్తి చూస్తాను. స్టెప్నీ, జాకీ, పానా లేకపోతే వేరే కారు అడుగుతాను. అక్కడికక్కడే అడగాలి, వంద మైళ్లు పోయాక అడిగితే లాభం లేదు. టైర్ల మీద డాట్ (DOT) అనే అక్షరాల తర్వాత వచ్చే సంఖ్యల్లో చివరి నాలుగు అంకెలు చూడండి, మొదటి రెండు టైరు తయారైన వారం, తర్వాతి రెండు సంవత్సరం. గాలి ఎంత ఉండాలో డ్రైవర్ తలుపు అంచున అంటించిన కాగితం మీద ఉంటుంది. టైరు మీద రాసి ఉన్నది గరిష్ఠం, దాన్ని చూసి కొట్టించకండి. పొద్దున్నే, టైరు చల్లగా ఉన్నప్పుడు చూడాలి.

పెట్రోలు సగానికి వస్తే నింపేయడమే. స్ప్రింగ్‌డేల్, కనాబ్, పేజ్, కామెరాన్, టుసయాన్, విలియమ్స్, ఈ ఊళ్ల పేర్లు గుర్తుపెట్టుకోండి, వీటిలో ఏది తగిలినా ఆగండి.

ఫోన్‌లో మ్యాపులు వేగాస్‌లోనే డౌన్‌లోడ్ చేసుకోండి. అయినా ఒక కాగితం మ్యాపు కొనండి, ఎందుకంటే ఫోన్ చూపించే అడ్డదారి నిజంగా రోడ్డు కాకపోవచ్చు. 1996 జూలైలో జర్మనీ నుంచి వచ్చిన ఇద్దరు పెద్దలు, ఇద్దరు పిల్లలు అద్దె వ్యాన్‌లో డెత్ వ్యాలీ మట్టిదారిలోకి వెళ్లారు. మూడు టైర్లు పోయిన వ్యాన్ అక్టోబరులో దొరికింది. పెద్దవాళ్ల ఎముకలు 2009లో గానీ దొరకలేదు. వాళ్లు వ్యాన్ వదిలి నడిచారు. కాబట్టి తారు రోడ్డు దిగకండి. కారు ఆగిపోతే కారు దగ్గరే ఉండండి. వెతికేవాళ్లకు మనిషి కన్నా కారు ముందు కనిపిస్తుంది. బానెట్ ఎత్తి పెట్టి, కారు నీడన కూర్చోండి. అత్యవసర నంబరు 911కు సిగ్నల్ అందితే రోడ్డు నంబరు, పక్కన పాతిన మైలు రాయి నంబరు చెప్పండి. మాట తెగిపోతుంటే మెసేజ్ పంపండి, చాలా చోట్ల 911కు మెసేజ్ కూడా వెళ్తుంది. మీది కొత్త ఐఫోన్ అయితే, అంటే 14 గానీ ఆ తర్వాతది గానీ అయితే, ఉపగ్రహం ద్వారా సాయం అడిగే ఏర్పాటు అందులోనే ఉంది. బయల్దేరే ముందు దాని డెమో ఒకసారి చేసి చూడండి.

నీళ్లు మనిషికి రోజుకు ఒక గ్యాలన్, అంటే దాదాపు 3.8 లీటర్లు. మీరు ఐదుగురు, అంటే రోజుకు ఐదు గ్యాలన్లు. ఇది తాగడానికే, దీనికి తోడు కారులో కదపకుండా ఉంచే ఇంకో రెండు గ్యాలన్లు. చాలామంది తెలియక చేసే తప్పు ఒకటుంది. ఏమీ తినకుండా ఉత్త నీళ్లే లీటర్ల కొద్దీ తాగితే రక్తంలో ఉప్పు పలచబడుతుంది. తలనొప్పి, వాంతులు, మాట తడబడటం మొదలవుతాయి. వడదెబ్బేమో అనుకుని ఇంకా నీళ్లు పట్టిస్తారు. గ్రాండ్ కాన్యన్ రేంజర్లు నీళ్లతో పాటు ఉప్పగా ఉండేవి తినమని పదేపదే చెప్పేది ఇందుకే. ఈ విషయంలో మనవాళ్ల అలవాట్లే మేలు. ఉప్పేసిన మజ్జిగ, ఉప్పూ పంచదారా వేసిన నిమ్మకాయ నీళ్లు, ఓఆర్‌ఎస్ పొట్లాలు. కానీ నాన్నగారికి బీపీ ఉంది కాబట్టి ఉప్పు ఎంతవరకు పర్వాలేదో, ఆయన వేసుకునే మాత్రల్లో మూత్రం ఎక్కువ పోయేది ఉందో లేదో బయల్దేరే ముందు డాక్టర్‌ను అడగండి. ఇన్సులిన్ ఉంటే ఆగి ఉన్న కారులో అరగంట కూడా వదలకండి. ఐసు పెట్టెలో పెట్టినా ఐసుకు నేరుగా తగలనివ్వకండి, గడ్డకడితే అది పనికిరాదు. మందుల పేర్లు, మోతాదు, మీ ఫోన్ నంబరు ఇంగ్లీషులో రాసిన కాగితం నాన్నగారి చొక్కా జేబులో ఉండాలి. సందర్శకుల బీమా తీసుకున్నా, పాత జబ్బుల వల్ల వచ్చే ఇబ్బందులకు అది ఎంతవరకు ఇస్తుందో షరతులు చదవండి.

తిండికి పులిహోర, చపాతీలు, ఆవకాయ, మరమరాలు. పెరుగన్నం మాత్రం ఐసు పెట్టెలో ఉంటేనే. పెద్ద గడ్డ ఐసు కొనండి, ముక్కల ఐసు కన్నా ఎక్కువసేపు నిలుస్తుంది.

జూలై, ఆగస్టుల్లో వేడి ఒక ఎత్తయితే వాన ఇంకో ఎత్తు. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 30 దాకా ఇక్కడ కూడా మాన్‌సూనే. మధ్యాహ్నం దాకా నీలి ఆకాశం, మూడు గంటలకు ఉరుములు. రాతి నేల నీళ్లు పీల్చదు, ఎక్కడో కురిసిన వాన సన్నటి కాన్యన్‌లోకి, అంటే రాతి లోయలోకి, ఒక్క ఉదుటున వస్తుంది. 1997 ఆగస్టు 12న పేజ్ పక్కన లోయర్ యాంటెలోప్ కాన్యన్‌లో 11 మంది పర్యాటకులు అలా కొట్టుకుపోయారు, వాన పడింది మైళ్ల అవతల. 2015 సెప్టెంబర్‌లో జియాన్‌లోని కీహోల్ కాన్యన్‌లో ఏడుగురు పోయారు. యాంటెలోప్‌లోకి ఇప్పుడు నవాహో గైడ్లు లేకుండా ఎవరినీ పంపరు. వాళ్లు రద్దు చేస్తే వాదించకండి. అమ్మగారి మోకాళ్లకు లోయర్ వద్దు, నిటారు ఇనుప మెట్లుంటాయి. అప్పర్ యాంటెలోప్‌లో లోపల నేల చదునే, బయటికొచ్చే దారిలో మెట్లెన్నో బుక్ చేసేముందు అడగండి. జియాన్‌లో నదిలో నడిచే నారోస్ దారి సంగతి, ఆ రోజు వరద హెచ్చరిక ఎలా ఉందో విజిటర్ సెంటర్‌లో బోర్డు పెడతారు, చూశాకే వెళ్లండి.

రోడ్డు మీద నీళ్లు పారుతుంటే ఆగిపోండి. వాగు దాటబోయి కార్లు కొట్టుకుపోవడం మన దగ్గర ఏటా వానాకాలంలో చూస్తూనే ఉన్నాం కదా. అడుగు లోతు పారే నీళ్లు చిన్న కారును తీసుకుపోతాయి. అరిజోనాలో అడ్డం పెట్టిన బారికేడ్ దాటి నీళ్లలోకి వెళ్లి ఇరుక్కుంటే, బయటికి తీసిన ఖర్చు మీ దగ్గరే వసూలు చేసే చట్టం ఉంది. నీళ్లు ఎంత తొందరగా వస్తాయో అంత తొందరగానే తీస్తాయి, గంటో రెండు గంటలో ఆగితే చాలు.

దుమ్ము తుఫాను వస్తే, ఫీనిక్స్ వైపు ఎక్కువ, రోడ్డు నుంచి పూర్తిగా పక్కకు దిగి, లైట్లన్నీ ఆర్పేసి, హ్యాండ్ బ్రేక్ వేసి, బ్రేక్ మీంచి కాలు తీసేయండి. లైట్లు వేసి ఉంచాలనిపిస్తుంది, వద్దు. వెనక వచ్చేవాడు మీ లైటు చూసి అదే రోడ్డనుకుని మీ మీదికి వస్తాడు.

రాత్రి నడిపితే టైమ్ కలిసొస్తుందా అన్నారు. రాదు. బ్రైస్, కనాబ్, గ్రాండ్ కాన్యన్ చుట్టుపక్కల చీకటి పడ్డాక జింకలు, ఎల్క్‌లు (పెద్ద జాతి దుప్పులు) రోడ్డెక్కుతాయి. మగ ఎల్క్ 300 కిలోల పైన ఉంటుంది, కాళ్లు పొడుగు, గుద్దితే ఒళ్లంతా అద్దం మీదికే వస్తుంది. నవాహో నేలల్లో ఆవులు, గుర్రాలు కంచె లేకుండా తిరుగుతాయి, నల్ల ఆవు 65 మైళ్ల వేగంలో చివరి క్షణం దాకా కనపడదు. సూర్యుడు గుంకే వేళకు హోటల్‌లో ఉండేలా ప్రతి రోజునూ వెనక నుంచి లెక్కేసుకోండి. కనాబ్ దగ్గర ఒకసారి సాయంత్రం ఏడున్నరకు మా ముందు కారు జింకను గుద్దడం చూశాను, ఆ తర్వాత ఎవరు తొందరపెట్టినా చీకట్లో నడపలేదు.

అంచుల దగ్గర ఫొటోలు. పేజ్ పక్కన హార్స్‌షూ బెండ్ దగ్గర లోయ 1,000 అడుగులు, రెయిలింగ్ కొంతమేరే ఉంది. 2018 అక్టోబర్‌లో కాలిఫోర్నియాలో యోసెమిటీ పార్కులోని టాఫ్ట్ పాయింట్ నుంచి మన దేశపు యువ దంపతులు పడి చనిపోయారు. 2022 డిసెంబర్ 26న అరిజోనాలోనే వుడ్స్ కాన్యన్ చెరువు మీద గడ్డకట్టిన మంచు పగిలి మన తెలుగువాళ్లు ముగ్గురు పోయారు. మేమున్న ఈ ప్రాంతం వాళ్లే, ఆ వారమంతా మా ఇళ్లల్లో ఎవరికీ అన్నం సయించలేదు. అందుకే ఫొటో దగ్గర నేను మొహమాటపడను, మీరూ పడకండి. అంచుకు రెండు నిలువుల దూరం. పాప చెయ్యి ఒకరు పట్టుకునే ఉండాలి, ఆ ఒకరు ఎవరో ముందే పేరు పెట్టి చెప్పుకోవాలి. "ఎవరో ఒకరు చూస్తున్నార్లే" అనుకున్నప్పుడే ఎవరూ చూడరు.

గ్రాండ్ కాన్యన్‌లో కిందికి దిగే దారి ఊరిస్తుంది. దిగడం తేలిక, ఎక్కడం ఒళ్లు హూనం, అదీ కిందికి పోయేకొద్దీ వేడి పెరిగే చోట. నాన్నగారు "కొంచెం దూరమే" అన్నా దించకండి. పైన ఉచిత షటిల్ బస్సు ఉంది, వేసవిలో హెర్మిట్ రోడ్డుకు సొంత కార్లను పోనివ్వరు, ఆ బస్సులోనే ఒక్కో పాయింట్ దిగి చూడొచ్చు. పెద్దవాళ్లకు అంతకన్నా సుఖమైన దారి లేదు. జియాన్ లోయలోకీ షటిలే.

గడియారం సంగతి. అరిజోనా వేసవిలో గడియారం మార్చదు. జూలైలో వేగాస్, పేజ్, గ్రాండ్ కాన్యన్ ఒకే టైమ్. యూటా గంట ముందు. నవాహో నేషన్, అంటే ఆ తెగ సొంత పాలన ఉన్న ప్రాంతం, చాలావరకు అరిజోనాలో ఉన్నా యూటా టైమే పాటిస్తుంది. పేజ్‌లో ఫోన్ అటూ ఇటూ మారిపోతుంటుంది, టూర్ టైమ్ ఏ లెక్కలోదో ముందే అడిగి చేతి గడియారానికి పెట్టుకోండి. నవాహో నేలలో డ్రోన్లు, మద్యం నిషేధం. మనుషుల్ని, ఇళ్లను అడగకుండా ఫొటో తీయకండి.

కాగితాలు: మీ డ్రైవింగ్ లైసెన్స్, వీసా కాగితాలు, అందరి ఐ-94 (దేశంలోకి వచ్చిన నమోదు) ప్రింటు, అమ్మానాన్నల పాస్‌పోర్టులు వెంట ఉండాలి. మీ దారిలో పడదు గానీ, ఐ-10 మీద కారులో డాలస్ వైపు తిరిగి వెళ్లే మిత్రులకు టెక్సస్‌లో సియెర్రా బ్లాంకా దగ్గర వలస అధికారుల చెక్‌పోస్టు తగులుతుంది, అక్కడ అడుగుతారు. పార్కు పాసు ఇక్కడ నివాసం ఉండేవాళ్లకు ఏడాదికి 80 డాలర్లు. 2026 నుంచి విదేశీ సందర్శకులకు వేరే రేట్లు పెట్టారు, గ్రాండ్ కాన్యన్, జియాన్, బ్రైస్ మూడూ ఆ జాబితాలో ఉన్నాయి. అమ్మానాన్నలకు ఎలా వర్తిస్తుందో పార్కు వెబ్‌సైట్‌లో చూసుకుని బయల్దేరండి. పోలీసు ఆపితే కారు దిగకండి. మన అలవాటు దిగి వెళ్లి మాట్లాడటం, నాన్నగారు తలుపు తీయబోతారు, ముందే చెప్పి ఉంచండి. మీ చేతులు స్టీరింగ్ మీద, వెనకవాళ్లు కదలకుండా.

ఇక నా ప్లాన్. మొదటి రోజు వేగాస్ నుంచి స్ప్రింగ్‌డేల్, రెండు రాత్రులు అక్కడే. రెండో రోజు పొద్దున్నే జియాన్ షటిల్, పదకొండు కల్లా గదికి, సాయంత్రం మళ్లీ. మూడో రోజు బ్రైస్, రాత్రి అక్కడే. నాలుగో రోజు పేజ్. హార్స్‌షూ బెండ్‌కు పోనూ రానూ మైలున్నర నడక, నీడ లేదు, ఎండ వాలాకే వెళ్లండి. ఐదో రోజు గ్రాండ్ కాన్యన్, రాత్రి టుసయాన్‌లో. ఆరో రోజు వేగాస్. ఒక్క రోజు సెలవు ఎక్కువ పెట్టండి. ఏ రోజూ నాలుగైదు గంటలకు మించి డ్రైవింగ్ ఉండదు, చీకటి పడ్డాక అసలు ఉండదు.

బ్రైస్ 8,000 అడుగుల పైన ఉంది, జూలైలోనూ తెల్లవారుజామున చలే. ఆయాసం వస్తే అమ్మగారిని ఆగి ఆగి నడవనివ్వండి. ఆరింటికల్లా సన్‌రైజ్ పాయింట్‌కు చేరుకోండి, పార్కింగ్ నుంచి కొద్ది దూరమే, మోకాళ్లకు ఇబ్బంది ఉండదు. ఒక శాలువా, ఫ్లాస్కులో కాఫీ పెట్టుకెళ్లండి. మా అమ్మ అక్కడ గంటన్నర కూర్చుంది, లేద్దామన్నా లేవలేదు.